ఒడ్డు తెగిన వంతెన: బ్రైటన్ తీరంలో ఐదు రోజులు

మొదటి రోజు

లండన్ విక్టోరియా స్టేషన్‌లో మధ్యాహ్నం రైలెక్కితే గంట గడిచీ గడవకముందే బ్రైటన్ వచ్చింది. స్టేషన్ గట్టు మీద ఉంటుంది. బయటికి రాగానే ఎదురుగా ఉన్న రోడ్డు తిన్నగా సముద్రానికి దిగుతుంది. దారి ఎవరినీ అడగనక్కరలేదు, కాళ్ళే వాలుకు నడిపిస్తాయి. ఫిబ్రవరి చలిలో గాలికి ఎదురు నడుస్తూ మేనల్లుడితో కలిసి తీరానికి చేరేసరికి నాలుగు దాటింది. నేను చూడడానికి వచ్చింది ఆ సాయంకాలపు వెలుగులో నీటి మధ్య నల్లగా నిలబడి ఉంది. ఒడ్డుతో దానికి ఏ సంబంధమూ లేదు. కింద కొన్ని స్తంభాలు, వాటి మీద వంకర తిరిగిన దూలాలు, వాటి పైన ఎటు చూసినా ఆకాశం కనిపించే ఒక ఇనుప పంజరం.

"మామయ్యా, ఇంత దూరం వచ్చింది ఈ తుప్పు చూడ్డానికేనా?" అన్నాడు మేనల్లుడు. రెండేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకు వెళతాడు. ముప్పై ఏళ్ళకు పైగా విశాఖలో రేవు పనులు చూసి పదవీ విరమణ చేసినవాడికి తుప్పు కన్నా చూడదగ్గది ఇంకేముంటుంది అని నేను నవ్వాను గాని, అసలు కారణం వేరే ఉంది. పనిలో చేరిన కొత్తలో మా పెద్ద ఇంజినీరుగారి గదిలో ఒక పాత ఫొటో ఉండేది. పొడవాటి గౌన్ల ఆడవాళ్ళు, టోపీల మగవాళ్ళు సముద్రం మీద కట్టిన చెక్క నేల మీద షికారు చేస్తుంటారు. అదే ఈ పంజరం: బ్రైటన్ వెస్ట్ పియర్.

మనకు పియర్ అంటే సరుకు దించే కట్టడం. రేవు, జెట్టీ, ధక్కా అనే మాటలన్నింటిలోనూ పడవో బస్తాయో ఉంటుంది. 1861లో మన జిల్లాలన్నింటికీ రాజధాని అయిన మద్రాసులో కట్టిన ఇనుప పియర్ కూడా, అలల మీద ఊగే మసూలా పడవల బాధ తప్పించి సరుకును పొడిగా ఒడ్డుకు చేర్చాలనే కట్టారు. ఇక్కడ కట్టినది మాత్రం కేవలం నడవడానికి. టిక్కెట్టు కొనుక్కుని, ఎక్కడికీ చేర్చని వంతెన మీద చివరిదాకా వెళ్ళి, సముద్రపు గాలి పీల్చి వెనక్కి రావడానికి. ఈ అవసరం ఒక జాతికి ఎలా పుట్టిందన్నదే మొదట అర్థం చేసుకోవలసిన విషయం.

అది వైద్యంతో మొదలైంది. 18వ శతాబ్దం నడుమ రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీటిలో స్నానం చేయడం, ఆ నీటిని తాగడం కూడా రోగాలకు మందని రాశాడు. ఆ తరవాత 1783లో యువరాజు జార్జ్ ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు; ఆయన వెనక దర్బారు, దర్బారు వెనక డబ్బు వచ్చాయి. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇదే ఊళ్ళో ఆవిరి స్నానాలు, మన చంపీ మర్దనా చేసే స్నానశాల పెట్టి రాజవైద్యుడి స్థాయి గౌరవం పొంది, 1851లో ఇక్కడే కన్నుమూశాడు. 1841లో లండన్ నుంచి రైలు వచ్చాక, అంతవరకు గుర్రపు బండ్ల ఖర్చు భరించగలవారికే దక్కిన సముద్రం గుమాస్తాకు, దుకాణదారుకు కూడా ఒక రోజు దూరంలోకి వచ్చింది. వచ్చినవారందరికీ ఈదడం రాదు, ఈ చలినీటిలో దిగే ధైర్యమూ ఉండదు, పడవెక్కితే తల తిరుగుతుంది. తల తిరగకుండా, కాళ్ళు తడవకుండా సముద్రం మధ్యకు వెళ్ళే దారి ఏదన్నా ఉంటే డబ్బిచ్చి వెళతారని గ్రహించినవాళ్ళు కంపెనీలు పెట్టి వాటాలు అమ్మారు.

చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాం. మేనల్లుడు రెండుసార్లు టైము చూసుకున్నాడు.

రెండవ రోజు

పొద్దున్న ఆటు సమయానికి ఒంటరిగా వెళ్ళాను. ఇక్కడి తీరంలో ఇసుక లేదు, అంతా గులకరాళ్ళే. అడుగు వేస్తే కాలు జారుతుంది, అల వెనక్కి తగ్గినప్పుడల్లా పెద్ద చాటలో బియ్యం చెరిగినట్టు చప్పుడు. నీరు తగ్గేకొద్దీ ఒడ్డు వైపు స్తంభాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మీదికి తీసుకువచ్చి నిలబెట్టి ఉంచిన కొన్ని పాత స్తంభాలను చేత్తో తాకి చూడవచ్చు. అవి పోత ఇనుము గొట్టాలు. వీటిని సముద్రగర్భంలో దిగగొట్టలేదు, బిగించారు.

ఆ పద్ధతి గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అలెగ్జాండర్ మిచెల్ అనే ఐర్లండ్ ఇంజినీరు, చూపు లేనివాడు, స్తంభం అడుగున వెడల్పాటి మర ఒకటి అమర్చి, సీసా బిరడాలోకి మరను తిప్పినట్టు స్తంభాన్ని తిప్పుతూ బురదలోకి, ఇసుకలోకి దింపే ఉపాయం కనిపెట్టాడు. మొదట దీన్ని దీపస్తంభాలకు వాడారు. ఈ వెస్ట్ పియర్‌కు రూపకల్పన చేసిన యూజీనియస్ బర్చ్ దాన్ని విహార వంతెనలకు తెచ్చాడు. 1850లలో మార్గేట్‌లో తొలిసారి ప్రయోగించి, తన జీవితకాలంలో పద్నాలుగు పియర్లు కట్టాడు. కలకత్తా నుంచి ఢిల్లీకి వేసిన రైలు మార్గపు పనులలో కూడా ఆయన చెయ్యి ఉంది. మర స్తంభానికి రెండు గొప్ప లాభాలున్నాయి: తొందరగా దిగుతుంది, సన్నగా ఉంటుంది కనుక అల దానిని కొట్టకుండా పక్కనుంచి పోతుంది. రాతి గోడ సముద్రంతో పోట్లాడుతుంది, ఇది సముద్రానికి దారి ఇచ్చి తన దారిన తాను నిలబడుతుంది. ఆ తెలివికి ఈనాటికీ నేను దణ్ణం పెడతాను.

వెస్ట్ పియర్ పని 1863లో మొదలై, 1866 అక్టోబరు 6న జనానికి తలుపులు తెరిచింది. పొడవు 1,115 అడుగులు. మొదట దాని మీద పెద్ద భవనాలేవీ లేవు. బల్లలు, గాలికి అడ్డంగా అద్దాల తెరలు, చిన్న చిన్న అలంకార మండపాలు, పాములు చుట్టుకున్న దీపస్తంభాలు మాత్రమే. ఆ పాములు, ఆ గుమ్మటాలు ఊళ్ళోని యువరాజు మహలు నుంచి అరువు తెచ్చుకున్నవి. ఎదురుగా ఉన్న రీజెన్సీ స్క్వేర్ ఇళ్ళవారు మాత్రం తమ కిటికీలకు అడ్డంగా టిక్కెట్ల గదులు కట్టారని గొడవ చేశారట. వందేళ్ళు గడిచాక అదే పియర్‌ను కాపాడమని ఊరు ఊరంతా సంతకాలు చేస్తుందని వాళ్ళకు తెలియదు.

నడవడమొక్కటే వినోదంగా ఎంతకాలం సాగుతుంది? 1875లో నడుమ బ్యాండు వాయించే మండపం వచ్చింది. 1893లో సముద్రపు చివర 1,400 మంది పట్టే పెవిలియన్ కట్టారు, పదేళ్ళకు దానినే నాటకశాలగా మార్చారు. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, బ్యాండు మండపం తీసేసి కచేరీ హాలు నిలబెట్టారు. చక్రాల స్టీమర్లు పియర్ చివర ఆగి జనాన్ని ఎక్కించుకుని తీరం వెంట తిప్పేవి. ప్రొఫెసర్ అని తనకు తానే బిరుదిచ్చుకున్న రెడ్డిష్ అనే సాహసి సైకిలు తొక్కుకుంటూ పియర్ మీద నుంచి సముద్రంలోకి దూకితే, ఆ దృశ్యానికి పోస్టుకార్డులు అమ్ముడుపోయేవి. 1918-19లో ఒక్క ఏడాదిలో ఇరవై లక్షల మందికి పైగా టిక్కెట్టు కొన్నారు. యుద్ధం ముగిసి, బతికి బయటపడ్డ జనం ఊపిరి పీల్చుకోవడానికి వచ్చిన ఏడాది అది. అంతకుమించి జనం పియర్‌కు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఇక్కడ నా వృత్తిలోని మాట ఒకటి చెప్పాలి. ఉప్పునీటిలో నిలబెట్టిన ఇనుమును ఒకసారి కట్టి వదిలెయ్యడానికి లేదు. అది రోజూ మేత అడిగే పశువు. నీటి అడుగున ఎప్పుడూ మునిగి ఉండే భాగం కొంత మేలు. రోజుకు రెండుసార్లు తడిసి రెండుసార్లు ఆరే భాగం, అలల తుంపర పడే భాగం, అక్కడే ఇనుము తినుకుపోతుంది. పోత ఇనుముకు ఇంకో మాయరోగం ఉంది: ఉప్పునీరు అందులోని ఇనుమును మెల్లగా లాగేసి గ్రాఫైటును వదిలేస్తుంది. స్తంభం ఆకారం మారదు, రంగు వేస్తే నిగనిగలాడుతుంది, చాకు పెట్టి గీస్తే మాత్రం పెన్సిలు ములుకులా రాలుతుంది. ఆ ఆకారం చూసి మోసపోయిన ఇంజినీర్లు నా సర్వీసులోనే ఉన్నారు, వారిలో నేనూ ఒకణ్ణి. అంచేత పియర్ యజమాని ప్రతి చలికాలం కొన్ని దూలాలు మార్చాలి, కొన్ని స్తంభాలకు కట్లు వెయ్యాలి, మొత్తానికి రంగు వెయ్యాలి. టిక్కెట్ల డబ్బు వస్తున్నంతకాలం ఈ ఖర్చు ఎవరికీ కనపడదు. డబ్బు తగ్గగానే లెక్కల పుస్తకంలో మొదట కొట్టివేతకు గురయ్యేది ఈ పద్దే, ఎందుకంటే ఒక ఏడాది రంగు వెయ్యకపోతే ఏమీ కాదు. రెండో ఏడాదీ ఏమీ కాదు. పదిహేనో ఏట అవుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రువు పియర్ మీదుగా దిగుతాడన్న భయంతో దీన్ని మూసి, నడుమ భాగం తొలగించారు. యుద్ధం తరవాత అతికించారు గాని జనం మారిపోయారు. కచేరీ హాలు ఫలహారశాల అయింది, నాటకశాలలో నాణేలు వేసి ఆడే ఆటలు వచ్చాయి. 1960లలో సామాన్యుడు సైతం విమానమెక్కి స్పెయిన్ ఎండలోకి పోగలిగాక, ఈ బూడిద రంగు సముద్రం మీద నిలబడి వణకడానికి టిక్కెట్టు ఎవరు కొంటారు? 1969లో ప్రభుత్వం దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది, మరుసటి ఏడాదే సముద్రపు చివర ప్రమాదకరమని మూసేశారు, 1975లో మొత్తం మూతపడింది. రక్షిత కట్టడమన్న పలక పడేయకుండా ఆపగలదు గాని నిలబెట్టలేదు. దాన్ని కూల్చవద్దని ఊరివాళ్ళు ఉద్యమం చేశారు. 1982లో అత్యున్నతమైన మొదటి శ్రేణి రక్షణ దొరికింది. ఆ గౌరవం పొందిన మొట్టమొదటి పియర్ ఇదే. 1983లో స్థానికుల ట్రస్టు దీన్ని 100 పౌండ్లకు కొన్నది. ధర చూసి నవ్వకూడదు; బాగుచేసే బాధ్యత కలిపి కొన్నారు కనుక అది చాలా ఖరీదైన బేరం.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. దగ్గరలో ఒక కాఫీ దుకాణంలో కూర్చుని కిటికీలోంచి దాన్నే చూస్తూ మిగిలిన కథను నోటుబుక్కులో తేదీల వారీగా రాసుకున్నాను. ఆ పేజీ ఒక రోగి చీటీలా ఉంది. 1987 అక్టోబరులో దక్షిణ ఇంగ్లండును కుదిపేసిన మహా తుఫానులో దెబ్బతింది. 1991లో ఒడ్డు వైపు భాగం కొంత తీసేశారు, ఆ రోజుతో భూమికీ దానికీ సంబంధం తెగింది. 1998లో జాతీయ లాటరీ ఆదాయంలోంచి పాత కట్టడాలకిచ్చే నిధి నుంచి 1 కోటి 42 లక్షల పౌండ్లు మంజూరయ్యాయి; డాక్టరు వచ్చేశాడని అందరూ అనుకున్నారు. ఊళ్ళోని రెండవ పియర్ యజమానులేమో, ప్రభుత్వ సొమ్ముతో మాకు పోటీ పెడతారా అని అభ్యంతరం చెప్పారు. ఏళ్ళు చర్చల్లో గడిచాయి. 2002 డిసెంబరు 29న గాలివానకు నడుమ నడకదారి కూలింది. మరుసటి నెలలో ఇంకొంత. 2003 మార్చి 28న పెవిలియన్ అంటుకుంది. నడకదారి అప్పటికే కూలిపోయినందువల్ల అగ్నిమాపకదళం దగ్గరికి చేరలేక ఒడ్డున నిలబడి చూడవలసివచ్చింది. మే నెలలో కచేరీ హాలు కాలింది. ఎవరో నిప్పు పెట్టారనే ఊరంతా నమ్ముతుంది, ఎవరూ దొరకలేదు. 2004 జనవరిలో లాటరీవారు నిధులు వెనక్కి తీసుకున్నారు, అదే ఏడాది జూన్‌లో గాలికి నడుమ భాగం పూర్తిగా పడిపోయాక ఇక బాగుచేయడం అసాధ్యమని తేల్చారు. 2014 ఫిబ్రవరి తుఫాను మిగిలిన పంజరాన్ని కూడా రెండుగా చీల్చింది.

జనం సముద్రాన్ని తిడతారు, నిప్పును తిడతారు. నా లెక్క ప్రకారం అది 1950లలో, రంగు డబ్బాల పద్దు మీద ఎర్ర సిరా గీత పడిన రోజున చచ్చిపోయింది. మిగతా యాభై ఏళ్ళూ కూలడానికి పట్టిన కాలం.

మూడవ రోజు

ఈ రోజు తూర్పు వైపు, బతికి ఉన్న పియర్ మీదికి. ప్యాలెస్ పియర్ 1899 మే 20న తెరిచారు, 1,722 అడుగుల పొడవు, 1,37,000 పౌండ్ల ఖర్చు. అంటే ముప్పై మూడేళ్ళ ముందు కట్టిన వెస్ట్ పియర్ కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. చలికాలం కనుక టిక్కెట్టు అడగలేదు. వేసవిలో పరవూరివారి దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారని మేనల్లుడు చెప్పాడు. శనివారం కావడంతో అతడూ వెంట వచ్చాడు.

చెక్క పలకల మధ్య వేలెడు సందులున్నాయి. వాటిలోంచి కింద పచ్చని నీరు కదులుతూ కనిపిస్తుంది. మొదటి యాభై అడుగులు నాకు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. రేవులో ఎన్ని జెట్టీలు కట్టించినా వాటి మీద మందపాటి కాంక్రీటు ఉండేది. పియర్ ఇచ్చే ఆనందమంతా ఈ సందుల్లోనే ఉందని అప్పుడు తెలిసింది. నేల మీదే ఉన్నావు, నేల మీద లేవు. పలకల మీద అడుగుల చప్పుడు, పలకల కింద అలల చప్పుడు, ఈ రెండూ కలిసి వినబడే చోటు ఇంకెక్కడా లేదు.

తరవాత అంతా గోల. నాణేలు మింగే యంత్రాలు, రంగులరాట్నాలు, చివరన పిల్లలు కేకలు పెట్టే ఉయ్యాల యంత్రాలు. ఇక్కడా ఒకప్పుడు నాటకశాల ఉండేది. 1973 తుఫానులో కట్టు తెంచుకున్న ఒక బార్జి దానిని గుద్ది పాడుచేసింది, 1986లో విప్పేశారు. అభిరుచి గలవాళ్ళు ఈ పియర్‌ను చూసి ముఖం చిట్లిస్తారు. నేను మాత్రం వంగి కింద స్తంభాలు చూశాను. తాజాగా రంగు వేసి ఉన్నాయి. నాణేల యంత్రం ఎంత వికారంగా ఉన్నా అది రంగు డబ్బా కొంటోంది. మేనల్లుడు కొన్న చిప్స్ పొట్లంలోంచి ఒక కడలికాకి వచ్చి సగం తన్నుకుపోయింది, అతడు కోపంతో ఏదో అనేలోపు రెండోది వచ్చింది.

ఈ పియర్ దగ్గరే మూడో పియర్ ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. వీటన్నిటికీ పెద్దక్క చైన్ పియర్. నౌకాదళంలో పనిచేసిన కెప్టెన్ శామ్యూల్ బ్రౌన్ 1823లో, వేలాడే వంతెనల పద్ధతిలో, బురుజుల మధ్య ఇనుప గొలుసులు వేసి కట్టాడు. అది వినోదానికి కాదు. ఫ్రాన్సులోని దియెప్ వెళ్ళే ఓడల ప్రయాణికులు చిన్న పడవల్లో తడవకుండా ఎక్కాలని. కాని ప్రయాణికులకన్నా షికారుకు వచ్చినవాళ్ళే ఎక్కువయ్యారు. టర్నర్, కాన్‌స్టబుల్ ఇద్దరూ దాన్ని చిత్రించారు. గాలికి ఊగే నేల గనుక 1833లో ఒకసారి, 1836లో మరోసారి తెగింది, మళ్ళీ కట్టారు. ప్యాలెస్ పియర్ కట్టుకోవాలంటే పాత చైన్ పియర్‌ను తొలగించాలన్నది కొత్త కంపెనీకి పెట్టిన షరతు. ఆ ఖర్చు వారికి పడలేదు: 1896 డిసెంబరు 4 రాత్రి తుఫాను మొత్తం ఊడ్చుకుపోయింది. పోతూ పోతూ దాని దుంగలు వెస్ట్ పియర్‌నూ, అప్పుడే లేస్తున్న ప్యాలెస్ పియర్‌నూ కొట్టాయి. చైన్ పియర్ బురుజులలోని చిన్న గదులను ఇక్కడికి తెచ్చి దుకాణాలుగా నిలబెట్టారు. వాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవారిలో ఎవరికీ అవి ఏ వంతెనవో పట్టలేదు.

రోడ్డు దాటితే బర్చ్ కట్టిందే ఇంకొకటుంది: 1872లో తెరిచిన అక్వేరియం. నేల కింద చల్లటి కమానుల వరస, ఇప్పటికీ చేపలున్నాయి. పిల్లలు ఎక్కువ, పది నిమిషాల్లో బయటపడ్డాం.

నాలుగవ రోజు

బర్చ్ పియర్లు ఇంకో రెండు ఇదే రైలు దారిలో ఉన్నాయి. పొద్దున్నే ఈస్ట్‌బోర్న్ చేరాను. 1870లో తెరిచిన ఆ పియర్ మీద నడుస్తుంటే ఒక చోట నేల ఎత్తు తేడా కాలికి తెలుస్తుంది. కారణం 1877 జనవరి 1 తుఫాను. ఒడ్డు వైపు సగం కొట్టుకుపోతే, ఆ సగాన్ని ముందుకన్నా ఎత్తుగా కట్టారు. పెద్దాయన బర్చ్ లెక్కను సముద్రం సరిదిద్దింది, ఆ దిద్దుబాటు నూటయాభై ఏళ్ళ తరవాత కూడా కాలికి తగులుతూనే ఉంది. చివర నాటకశాల పైన గుమ్మటంలో కెమెరా అబ్స్క్యూరా పెట్టారు. చీకటి గదిలో బల్ల మీద సముద్రమంతా కదులుతూ కనిపించే ఏర్పాటు. సినిమా పుట్టిన కొత్తలో అది జనాన్ని ఎంత ఆశ్చర్యపరిచి ఉంటుందో ఊహించవచ్చు. 2014 జూలైలో ఒడ్డు వైపు హాలు తగలబడింది. ఆ స్థలం ఇప్పుడు ఖాళీ. తరవాతి యజమాని గుమ్మటాలకు, సింహాలకు బంగారు రంగు వేయించాడు. బాగుందా అని అడిగితే చెప్పలేను, రంగయితే వేశాడు.

హేస్టింగ్స్ చేరేసరికి మూడయింది. ఇక్కడి పియర్ 1872 ఆగస్టులో మొదలైంది, 2010 అక్టోబరు 5న కాలింది. పై కట్టడం దాదాపు అంతా పోయింది, బర్చ్ స్తంభాలు మాత్రం నిలిచాయి. బ్రైటన్‌కు ఇవ్వని అవకాశం హేస్టింగ్స్‌కు దొరికింది: లాటరీ సొమ్ము, ఊరివారి వాటాలు కలిపి 2016లో మళ్ళీ తెరిచారు. కాలి మిగిలిన పాత పలకలతోనే గోడలు తొడిగిన ఒక చిన్న భవనం, దాని చుట్టూ ఏమీ లేని విశాలమైన చెక్క మైదానం. 2017లో దేశంలో వాస్తుకళకు ఇచ్చే అత్యున్నతమైన స్టిర్లింగ్ బహుమతి దీనికే వచ్చింది. నెల తిరక్కుండా దాన్ని నడిపే ధర్మసంస్థ దివాలా దారి పట్టింది. 2018లో ఒక ప్రైవేటు యజమాని చేతికి పోయింది.

ఒడ్డున నిలబడి చాలాసేపు చూశాను. తీర్పరులకు నచ్చిన ఆ ఖాళీతనమే, నా దృష్టికి, దాని రోగం. విక్టోరియన్లు పియర్ మీద గుడారాలు, బ్యాండులు, నాటకశాలలు పేర్చింది అభిరుచి లేక కాదు. ఖాళీ నేల మీద నడవడానికి జనం ఒకసారి వస్తారు, రెండోసారి రప్పించడానికి ఏదో ఒకటి ఉండాలి. వెస్ట్ పియర్ కంపెనీ ఆ సంగతి 1875లోనే గ్రహించింది. తిరుగు రైల్లో ఈ వాదన మేనల్లుడికి ఫోన్లో వినిపిస్తే, "మీరు నాణేల యంత్రాల పార్టీలో చేరిపోయారు మామయ్యా" అన్నాడు.

ఐదవ రోజు

పొద్దున యువరాజు మహలుకు వెళ్ళాను. బయట మొగలు గుమ్మటాలు, లోపల చైనా డ్రాగన్లు. 1815 నుంచి జాన్ నాష్ అనే వాస్తుశిల్పి దీన్ని ఈ రూపానికి తెచ్చాడు. వెస్ట్ పియర్ దీపాల పాములకు పుట్టిల్లు ఇదే. అంటే హిందూదేశాన్ని ఎన్నడూ చూడని నాష్ ఊహించిన హిందూదేశాన్ని బర్చ్ ఇనుములో పోతపోసి సముద్రం మీదికి ఎక్కించాడు. 1914 చివరి నుంచి ఏడాదికి పైగా ఇదే మహలు ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడ్డ భారత సైనికులకు ఆసుపత్రి. వేర్వేరు మతాల వారికి వేర్వేరు వంటశాలలు పెట్టారు. చనిపోయిన 53 మంది హిందువులకు, సిక్కులకు ఊరి వెనక కొండ మీద దహన సంస్కారం చేసి, ఆ చోట ఛత్రి అనే స్మారక మండపం కట్టారు. మహలు దక్షిణ ద్వారం 1921లో భారతీయులు కృతజ్ఞతగా ఇచ్చినది. ఆ ద్వారం కిందనుంచి నడిచి మళ్ళీ తీరానికి దిగాను.

వెస్ట్ పియర్ ఒడ్డున మొదలైన చోట ఇప్పుడొక స్తంభం ఉంది. 162 మీటర్ల ఎత్తు, దాని చుట్టూ వడ్డాణంలా ఒక గాజు గది పైకీ కిందికీ తిరుగుతుంది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున తిరిగే పెద్ద చక్రం లండన్ ఐ కట్టిన డేవిడ్ మార్క్స్, జూలియా బార్ఫీల్డ్ దంపతుల రూపకల్పన. నిలువు పియర్ అని వారు పేరు పెట్టారు. పక్కనే పాత టిక్కెట్ల గదులను నమూనా చూసి తిరిగి కట్టారు: ఒకప్పుడు రీజెన్సీ స్క్వేర్ వారు వద్దన్నవే. 2016 ఆగస్టులో, పియర్ పుట్టిన నూటయాభయ్యో ఏట, స్తంభం తెరిచారు. నగరపాలక సంస్థ ద్వారా వచ్చిన అప్పు 3 కోట్ల 60 లక్షల పౌండ్లు. అనుకున్నంత మంది రాలేదు, అప్పు వడ్డీతో పెరిగింది, 2024 చివరలో మూతపడింది, మరుసటి ఏడాది కొత్త యజమాని కింద మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. మేనల్లుడు టిక్కెట్టు తీస్తానన్నాడు, వద్దన్నాను. పైకి పోతే ఊరు కనబడుతుంది, నాకు కావలసింది పలకల సందుల్లో నీరు.

నాలుగున్నరకి గులకరాళ్ళ మీద కూర్చున్నాం. ముందు పది పన్నెండు పక్షులు వచ్చాయి. మన గోరువంకల కుటుంబానికే చెందిన స్టార్లింగులు. తరవాత ఊరి మీద నుంచి ఇంకో గుంపు, కొండల వైపు నుంచి మరొకటి. చూస్తుండగానే అవన్నీ కలిసి ఒకే గుడ్డ గాలికి ఎగిరినట్టు మడతలు పడుతూ, విచ్చుకుంటూ, నీటి మీదికి వంగుతూ, పంజరం చుట్టూ తిరగసాగాయి. చలికాలమంతా రాత్రి నిద్రకు అవి పియర్ల కిందికి చేరతాయి. మనిషి అడుగుపెట్టలేని ఈ దూలాల మీద పిల్లి భయమూ లేదు, పిల్లల రాళ్ళ భయమూ లేదు. చుట్టూ ఒక ముప్పై నలభై మంది పోగయ్యారు, కుక్కలతో వచ్చినవారు, కెమెరాలు బిగించినవారు. ఎవరూ మాట్లాడడం లేదు. ఇక్కడ ఇప్పుడు టిక్కెట్టు లేదు.

మేనల్లుడు ఫోను జేబులో పెట్టేశాడు. "ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది మామయ్యా?" అని అడిగాడు. ఎడమ వైపు మూలన ఉన్న స్తంభాన్ని చూపించాను. దాని నడుము, ఆటుపోట్ల గీత దగ్గర, మిగతావాటికన్నా సన్నగా ఉంది. అది పోతే పై దూలం ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన బరువు పక్క స్తంభం మీద పడుతుంది అని వివరిస్తుండగా, పక్షులన్నీ ఒక్కసారిగా, ఎవరో గుప్పెడు నువ్వులు జల్లినట్టు, ఆ దూలాల మీదికే దిగిపోయాయి. కిచకిచల మోత ఒడ్డు దాకా వినబడింది. తూర్పున ప్యాలెస్ పియర్ దీపాలు వెలిగాయి. పోటు మొదలై నీరు మా కాళ్ళ దగ్గరికి వస్తుంటే లేచి నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చున్నాం.